ఆవిరి

తెల్లవారుజామున నాలుగున్నరకే
మిర్చి యార్డు గేటు దగ్గర గాలి ఎర్రగా ఉంటుంది.
తేజ టిక్కీలు దిగుతున్నప్పుడు తుమ్మనివాడు
ముక్కయినా లేనివాడు, ప్రాణమైనా లేనివాడు
అంటాడు హమాలీ కోటిలింగం.

మాస్కు మాకు రోగం తెచ్చిపెట్టింది కాదు.
అంతకు ముందు ఇరవై ఏళ్ళు తువ్వాలు కట్టాం.
ఇప్పుడు నీలం గుడ్డ, చెవులకు రెండు దారాలు.

కళ్ళజోడే కొత్తది.
నలభై ఏడో ఏట బ్రాడీపేట నాలుగో లైన్లో
అక్షరాలు చిన్నవవుతున్నాయని చెప్పి కొనుక్కున్నాను.
నిజానికి నాకు కావలసింది అక్షరాలు కాదు,
కాటా మీద ఎర్రగా వెలిగే అంకెలు.
చూడటం, చీటీలో వెయ్యడం. అదే నా కూడు.

ఊపిరి వదిలితే
కిందికి పోవాల్సింది పైకి లేస్తుంది.
ముక్కు పక్కన సందు చూసుకుని
దొంగపిల్లిలా అద్దాలెక్కుతుంది.
యార్డంతా పాలల్లో మునిగిపోతుంది.
బిగబడితే కనబడుతుంది,
వదిలితే పోతుంది.
చూడటమా, బతకడమా,
ఆరొందల టిక్కీలకి ఆరొందల సార్లు తేల్చుకోవాలి.

ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు.
బట్టల సబ్బు పొడిగా రుద్ది తుడవమన్నాడు టీకొట్టు జిలానీ.
పదిన్నర దాకా తేటగానే ఉంది.
ఆ తర్వాత సబ్బూ కారమూ చెమటా కలిసి
కంట్లో కాపురం పెట్టాయి.
జోడు ముక్కు కొసకి దించుకోమంది మా ఆవిడ,
దించుకుంటే జాతకాలు చెప్పేవాడిలా ఉన్నానని తనే నవ్వింది.
కొత్తపేట ఆస్పత్రి కాంపౌండరు మాత్రం
అద్దాల జోలికి పోకు, సందు మూసెయ్ అన్నాడు.
ముక్కు మీద ప్లాస్టరు అంటించి చూపించాడు.
వాడి గదిలో ఫ్యాను ఉంది.
చెమట కారే ముక్కు మీద ఏ ప్లాస్టరు నిలుస్తుంది?

ఒకరోజు నకరికల్లు రైతు గురవయ్య
చీటీ పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు.
ఏమీ అనకుండా చాలాసేపు నిలబడ్డాడు.
"నలభై ఎనిమిది బాబూ. నలభై మూడు కాదు.
నేను చూశాను. నాకు కళ్ళజోడు లేదు."

కాటా మీద ఎనిమిదికి
ఎడమ పక్క ఆవిరి పడితే మూడవుతుంది.
కొట్టేసి దిద్దాను.
షావుకారు లోపల్నుంచి నవ్వాడు:
"పోన్లేవయ్యా, ఆవిరి కూడా మన కొట్టు మనిషే."

ఆ రాత్రి చీటీల కట్ట విప్పి
మూడున్న చోటల్లా వేలు పెట్టుకుంటూ పోయాను.
ఏది నిజం మూడో, ఏది సగం చెరిగిన ఎనిమిదో
కాగితం చెప్పలేదు.
ఒకటి మాత్రం తెలిసింది.
మూడు ఎన్నడూ ఎనిమిది కాలేదు.
ఆవిరి గీత చెరుపుతుందే గాని
గీత గియ్యదు.

గోతాలు కుట్టే మస్తాన్‌బీ
"ఇటు తే" అని మాస్కు లాక్కుంది.
గోతం మూతికి చుట్టే సన్నతీగ జానెడు తెంపి
కొసలు లోపలికి మడిచి
పై అంచులో దూర్చి నాలుగు కుట్లు వేసింది.
"ఎద్దుకి ముక్కుతాడేస్తే దారికొస్తది.
ఊపిరికీ అంతే."
ముక్కుదూలం మీద రెండు వేళ్ళతో నొక్కింది.
వేళ్ళు కారంగా ఉన్నాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.
"ఇప్పుడు జోడు దానిపైన పెట్టు. కదలకుండా బరువుంటది."

ఊపిరి వదిలాను.
గడ్డం తడిసింది.
అద్దం తడవలేదు.

కనబడింది.
కాటా అంకె, అంకె చుట్టూ పేరుకున్న ఎర్ర దుమ్ము,
అవతల, గోతానికి ఆనించి,
ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు,
కోటిలింగం మోకాలు.
గోతాన్ని ఒకటి రెండు కిలోలంత
పైకెత్తి పట్టిన మోకాలు.

"కోటీ, కాలు తియ్యి."
గుడ్డ లోపల గొంతు చిన్నగానే వచ్చింది.
వాడు నన్ను చూడలేదు, కొట్టు వైపు చూశాడు.
కాలు కదిలింది.
అంకె కదిలింది.

ఏసీ గదిలో షావుకారు లేచి
అద్దం దాకా వచ్చి నిలబడ్డాడు.
ఆయనకి మాస్కు లేదు.
మా ఇద్దరి మధ్య, అద్దానికి ఆయన వైపు
గుండ్రంగా ఆవిరి పడుతోంది.