మిరప దండల కింద

నల్ల కోటు భుజాన రాలిన పొలుసులు చూసి
చర్చిలో పక్కామె కాస్త జరిగి కూచుంది.

డాక్టరమ్మ చీటీ రాసింది, ఆరు వారాలు:
గోధుమ వద్దు, పాలు వద్దు, గుడ్డు వద్దు,
టమాటా వద్దు. చివర్న, గొంతు తగ్గించి, మిరప వద్దు.
కలోచాలో మిరప వద్దంటే
ఊపిరి కాస్త తక్కువ పీల్చమన్నట్టే.

వరండా నిండా ఎర్ర దండలు.
వాటి కింద కూచుని ఉడికిన గుమ్మడి తింటాను.
డెజో తన చేపల పులుసు గిన్నె పట్టుకుని
కోళ్ళగూటి అవతలికి పోతాడు.
గాలి మాత్రం నా వైపే వీస్తుంది.

ఐదో వారానికి ఎడమ మోచెయ్యి నున్నబడింది.
కుడిది మొండికేసింది.

ఇక ఒక్కొక్కటే వెనక్కి పిలవాలి,
మూడేసి రోజులు కాపు కాయాలి.
ముందు గుడ్డు. ఏమీ లేదు.
తర్వాత చెంచా కొసన మిరపపొడి:
నాలుక మీద నలభై ఏళ్ళ కోతలు.
మూడు రాత్రులు దీపం దగ్గర పెట్టి
చర్మాన్ని దొంగను చూసినట్టు చూశాను.
పాపం, మిరప ఏమీ ఎరగదు.

రేపు పాలు.
పాకలోంచి రిష్కా అంబా అంది.
పద్నాలుగేళ్ళ ఆవు, నా చేతుల్లో పుట్టింది.
నోట్‌బుక్కు తెరిచి
పెన్సిలు చెక్కుతూ
చాలాసేపు కూచున్నాను.