కొట్టగూడదు

గుంతకల్లు రైల్వే గ్రౌండులో
ఈ ఏడు కొత్త రూలు:
పన్నెండేళ్లలోపు పిల్లోళ్లు
బంతిని కొట్టగూడదు, తొయ్యాలంతే.
జట్టుకు పదకొండు మంది కాదు, ఐదుగురే.

ఓబుళేసు దెబ్బకి
క్వార్టర్స్ గోడ సున్నం రాలేది.
ఇప్పుడు స్టిక్కు పట్టుకుని
చెయ్యి విరిగినోడి మాదిరి నిలబడినాడు.

సుంకులు, పోయినేడంతా
ఎడమ అంచున గరుసు గీకతా నిలబడిన పిల్ల.
నా రిజిస్టరులో ఆ పేరు పక్కన
‘ఎక్స్‌ట్రా’ అని రాసింది నేనే.
ఈ పొద్దు బంతి దాని కాడికి
నలభైసార్లు వచ్చింది.
లెక్క తప్పుంటే తప్పుండనీ.

రేపు పెద్ద గ్రౌండులో
డీ లోంచి బంతిని ఎవరు గట్టెక్కిస్తారు?
నాకు తెలీదు.

పొద్దు గూకినాక, అందరూ పోయినాక,
గోడకు ఒక్క దెబ్బ.
ధన్!
జేబులోంచి విజిల్ తియ్యలే నేను.