మూగ మెట్టు

ఎలీషా, ఆ ఫోను కొంచెం పక్కన పెట్టు.
నువు చూపిస్తున్న కీబోర్డు బాగనే ఉంది.
ఆరు వందల స్టైళ్ళంటున్నవు, ఉండొచ్చు.
ఎడమచేత ఒక్క కార్డు పట్టుకుంటే
డోలూ బేసూ తాళమూ అదే వాయిస్తదంటున్నవు.
వాయిస్తది. కొత్తది గద.
నేనడిగేది వేరే.
అది నోరు మూసుకున్ననాడు
ఎవని గడపకు మోసుకపోతవు?

నాకూ ఉండె ఒకటి.
హైదరాబాదుల అద్దాల వెనుక, లైట్ల కింద చూసి
చిట్టీ ఎత్తి, రెండు మేకలమ్మి తెచ్చిన.
పేరు నోరు తిరగకపోయేది, అయినా మురిసిన.
ఒక్క వేలు పెడితే
ముప్పై మంది వయొలిన్లు పట్టుకొని లేచి నిలబడేటోళ్ళు.

మూడో ఎండకాలం, హాలియల పెండ్లి.
అప్పగింతలకు గడియ ముందు
నడిమి స్థాయిల పంచమం పోయింది.
నొక్కితే కట్టె చప్పుడు, టక్కుమని, అంతే.
గట్టిగ నొక్కిన.
బతిమాలినట్టు మెల్లగ నొక్కిన.
ఆఖరికి ట్రాన్స్‌పోజ్ వత్తి పాటను పక్కకు జరిపిన,
ఆ చచ్చిన మెట్టు
పాటకు అక్కరలేని స్వరం కింద పడేటట్టు.
వినేటోళ్ళకు ఎవలకూ తెల్వలే.
వేళ్ళకు తెలిసింది.
ఇరవై ఏండ్లు తిరిగిన ఇంట్ల
ఎవడో రాత్రికి రాత్రి గోడలు మార్చినట్టు
తెల్లారేదాక తడుముకున్నయి.

కొన్నకాడికి పోతే మద్రాసు పంపాలన్నరు.
మద్రాసోళ్ళు, పార్టు సముద్రం దాటి రావాలన్నరు.
ఆరు నెలలకు,
ఆ మోడలు ఆపేసిన్రన్నరు.
వాళ్ళు ఆపేసిన్రట. నేనింకా ఆపలే గద!
లగ్గాలన్నీ అది అట్టపెట్టెల పడుకున్నది,
నేను పత్తిమిల్లుల బేళ్ళెత్తిన.
తిరిగొచ్చిన పెట్టె మీద రసీదు:
చూసినందుకు, ఎనిమిది వందలు.

అప్పుడు పోయిన చాంద్‌పాషా కాడికి.
నల్లగొండ ప్రకాశం బజార్ల మెట్ల కింద కొట్టు,
నిలబడితే నెత్తికి తాకుతది.
మర్రిగూడ దిక్కు బోరునీళ్ళు తాగి పెరిగిన మనిషి,
మెడ తిరగదు,
పక్కకు చూడాలంటే మొత్తం మనిషే తిరగాలె.
"వంగే ఉన్న గద, ఈ పనికి నేనే కరెక్టు" అన్నడు.
"నా మెడకు పార్టు లేదు, దీనికి చూద్దాం."
నవ్విండో లేదో కనపడలే.

నలభై మూడు స్క్రూలు
కోడిగుడ్ల ట్రేల వరుసగ పెట్టిండు, ఏ గుంతది ఆ గుంతకే.
మెట్టు కింద రబ్బరు, రబ్బరు అడుగున నల్లబొట్టు,
ఆ బొట్టు అరిగిపోయి ఉంది.
శనగగింజంత లేదు ఎలీషా,
దానికోసం నేను ఒక సీజను బేళ్ళెత్తిన.
పాత టీవీ రిమోటు కోసి, బొట్టు తీసి అతికించిండు.
"ఇప్పుడు వాయించు."
మెట్ల కింద ఆ ఇరుకుల
పంచమం పలికింది.

ఏడాది తిరగంగనే బోర్డు పోయింది.
ఈసారి ఆయన చేతులు కడుక్కున్నడు.
"కంపెనీ నక్ష ఇయ్యలే భాయ్,
నక్ష లేని ఊర్ల నేనేడ తిరగాలె?"
మరి ఏది కొనాలె అనడిగితే
వేలు పైకి చూపించిండు. అటక.
"ఏ మోడలువి అక్కడ మూడు పీనుగులున్నయో, అది కొను."

గదే ఇది.
స్టైళ్ళు నూరే, రంగు కూడ పోయింది.
దీని మెట్లు కోదాడ పాస్టరు గారివి,
తెర సూర్యాపేట బ్యాండుమేళంది,
వాల్యూము గుండీ ఎవలదో ఆయనకే గుర్తులేదు.
పెండ్లిల నేను వాయిస్తుంటే
పదిమంది అరిగిపోయిన వేళ్ళు నా వేళ్ళ కింద కదులుతయి.

రేపు పొద్దుగాల్నే పో. పైసలు తీస్కపోకు,
ఉత్తగ అడుగు, అటక మీద ఏమున్నయని.
ఇంకొకటి కూడ చూసి రా.
ఆయన పక్కన రెండో స్టూలొకటుంటది.
నేను పోయిననాడు
దాని మీద సోల్డరు తీగ చుట్ట ఒక్కటే ఉండె,
మనిషి లేడు.