వన్స్ మోర్

గ్రీమ్స్‌పేటలో మిద్దెమీద మా ట్యూషన్ గది.
తెర లేదు. చెంగల్రాయుడే తన పంచె ఇప్పించినాడు.
ముప్పై ఏండ్లు ద్రౌపది వేషం కట్టినోడు,
తన పంచె మీద
ఫ్రెంచి దొరసాని పాడతా ఉంటే ఎదురుగా కూర్చున్నాడు.

మాట తెలీదు. అడుగున పరిగెత్తే అక్షరాలూ తెలీవు.
"ఆ పిల్లోడి మీద మనసు పడిండాది.
వాళ్ళ నాయన ఒప్పుకోడు," అన్నాడు రెండో నిమిషంలో.
నిజమే.

కెమెరా దగ్గరికి పోయింది.
మెడ మీద నరం, పౌడరు చీల్చుకుని దిగే చెమట.
"వేషాన్ని ఇంత దగ్గర్నించి చూడకూడదప్పా.
పెట్రోమాక్సుకు మర్యాద తెలుసు,"
మొగం తిప్పుకున్నాడు, చెవి తిప్పుకోలేదు.
ఆమె ఊపిరి ఎక్కడ దాచిందో
తన బొడ్డు మీద చెయ్యిపెట్టి వెతుక్కుంటా ఉండాడు.

చివరి అంకం. మంచం, దగ్గు.
చచ్చిపోతా పాడింది, పాడతా చచ్చిపోయింది.
అక్కడ కోట్లేసుకున్న జనం లేచి నిలబడినారు.
ఇక్కడ మేం నలుగురం, కిర్రుమనే ఫ్యాను.

"వన్స్ మోర్!"

ఎన్నో ఏండ్లుగా అతనికి ఎవరూ అనని మాట
అతని నోట్లోంచే వచ్చింది.
మా పక్క ఊర్లలో అయితే పీనుగ లేచి,
పైట సర్దుకుని, పద్యం మళ్ళీ ఎత్తుకునేది.
ఈమె లేవలేదు.
తప్పు మాట్లాడినోడి మాదిరి తల దించుకున్నాడు.

మౌసు పట్టుకున్న ఇలియాజ్
ఎర్రగీతను మెల్లగా వెనక్కి లాగినాడు.

దొరసాని కండ్లు తెరిచింది.
"మర్యాద తెలిసిన మనిషి," అంటా
చెంగల్రాయుడు లేచిపొయ్యి
ఆమె చెంప మీది పంచె ముడత సరిచేసినాడు.
ఆ పెదాలు కాసేపు
అతని మణికట్టు మీద పాడినాయి.