అద్దె జెండా

అజ్మాన్‌కి ఆరు మైళ్ళ ఇవతల
లంగరేసి పదకొండు నెలలు.
రాత్రయితే ఒడ్డు దీపాలన్నీ కనిపిస్తాయి.
చూసినందుకు డబ్బులడగరు, అదొక్కటే.

ఓనరు ఫోనెత్తడు. ఏ దేశం వాడో ఎవరికీ తెలీదు.
ఓడ వెనక, పేరు కింద మాత్రం
తెల్లరంగుతో రాసుంది: పనామా.
మాలో పనామా వాడు ఒక్కడూ లేడు.
‘ఇంటిపేరు అరువు తెచ్చుకున్న గుంటడ్రా ఇది’ అనేవాడు
మా భావనపాడు మైలపల్లి ఎర్రయ్య.

వారానికో గంట జనరేటరు, ఫోన్ల కోసం.
ఇంటికేం చెప్పను?
‘సముద్రం నెమ్మదిగానే ఉంది’ అంటాను.

ట్యాంకు అడుగు నీళ్ళు ఎర్రగా వస్తున్నాయని
ఎర్రయ్యే జెండా దించి
బకెట్టు మూతికి కట్టాడు.
తుప్పు గుడ్డ మీద ఆగేది, నీళ్ళు కిందికి దిగేవి.
నాలుగు గళ్ళు: ఒకటి నీలం, ఒకటి ఎరుపు,
రెండు తెల్లవి, చెరో చుక్కతో.
నెల తిరిగేసరికి నాలుగూ ఒకటే రంగు.

శుక్రవారం తనిఖీకొచ్చింది ఆవిడ,
యారియేలా బ్రాత్‌వెయిట్.
తాడు నిచ్చెన నాకన్నా చురుగ్గా ఎక్కింది.
బకెట్టు చూసి ఆగిపోయింది.

తిడుతుందనుకున్నా.
బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని
సగం ఇంగ్లీషులో, సగం చేతుల్తో చెప్పింది.

ముత్తాత బార్బడోస్ నించి కాలువ తవ్వడానికొచ్చాడట.
జీతాల దగ్గర రెండు కిటికీలట,
తెల్లవాళ్ళకి బంగారం, వీళ్ళకి వెండి.
(నాకు మా జీతాల కాగితం గుర్తొచ్చింది.
అదే ఇంజను, అదే నూనె మసి,
పాస్‌పోర్టుని బట్టి రేటు.)
కాలువకి అటు అయిదు మైళ్ళు, ఇటు అయిదు మైళ్ళు
వాళ్ళ నేల మీదే పరాయి దేశం.
అరవై నాలుగు జనవరిలో బడిపిల్లలు
అక్కడ ఈ జెండా ఎగరేస్తామని మోసుకెళ్ళారు.
తోపులాటలో చిరిగింది.
చిరుగు చిన్నదే. శవాలు ఇరవై పైన.
ఎనభై తొమ్మిదిలో, క్రిస్మస్‌కి అయిదు రోజుల ముందు,
రాత్రికి రాత్రి సైన్యం దిగింది.
వాళ్ళమ్మ పుట్టిన చోరీయో పేటలో
చెక్క ఇళ్ళు తెల్లారేసరికి బొగ్గు.
పదేళ్ళకి కాలువ చేతికొచ్చింది.

‘మరి జెండా అద్దెకెందుకిస్తారు?’
అడిగేశాను.
చాలాసేపు ఒడ్డు వైపే చూసింది.
‘అది మా అమ్మమ్మ పుట్టకముందు నించీ ఉన్న బేరం’ అంది.

కాగితం తీసి ఒక్కో గడీ నింపింది.
తిండి: లేదు. డీజిలు: లేదు.
జీతాలు: పదకొండు నెలలు.
జెండా: మార్చాలి.

పై వారం పడవొచ్చింది.
మడత విప్పని కొత్త జెండా తెచ్చింది,
అదొక్కటే.

పాతది ఆవిడే అడిగి తీసుకుంది ఆ రోజు.
ఉతికిస్తామంటే వద్దంది,
తుప్పుతోనే మడిచి సంచిలో పెట్టుకుంది.

ఇప్పుడు నీళ్ళు
ఎర్రయ్య గళ్ళ లుంగీలోంచి దిగుతున్నాయి.