బిడ్డకన్నా ముందొచ్చిన పేరు

మా లెసోతో కొండల్లో
కొత్తకోడలు గడపలో అడుగుపెట్టిన రోజే
ఇంకా కడుపున పడని బిడ్డకి పేరు పెట్టేస్తారు.
ఆ బిడ్డ తల్లీ అనే ఆమెని పిలుస్తారిక.
మారెత్సెపిలె. రెత్సెపిలె వాళ్లమ్మ.
'నమ్ముకున్నాం' అని ఆ మాటకి అర్థం.

తొమ్మిదేళ్లు అలాగే పిలిచింది ఊరు.
నీళ్లకెళ్తే, పిండిమరకెళ్తే,
పశువులదొడ్డి వెనక
మూడు చిన్న గుంతల దగ్గర నిలబడితే కూడా.

ఏడో నెలలో వచ్చింది నా దగ్గరికి
ఆరుగంటల దారి, గుర్రమ్మీద.
వాచిన కాళ్లకి మొగుడి బూట్లు.
చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాను.
నూట డెబ్భై మీద నూట పది.
మళ్లీ కొట్టాను,
మిషను పాతది, అబద్ధమాడుతుందేమోనని.
ఆడలేదు.

రిజిస్టరులో చావుకి గడులున్నాయి:
రక్తస్రావం, గుర్రపువాతం, జ్వరం.
'దారి' అని రాయడానికి గడి లేదు.
పొంగిన సెంకు నది అనీ
'పొద్దున చూద్దాంలే' అన్న అత్తగారనీ
డీజిలు లేని అంబులెన్సనీ
మార్జిన్‌లో పెన్సిలుతో రాసేదాన్ని,
ఎవరూ చదవరని తెలిసీ.

ఎవరో చదివారు.
ముందు ఒక బ్యానరు వచ్చింది.
తర్వాత బిస్కెట్లతో ఒక సమావేశం.
నాలుగేళ్లకి, క్లినిక్ వెనక, రేకుల ఇల్లు:
ఎనిమిది మంచాలు, ఒక పొయ్యి,
రక్తం సంచులు దాచే ఫ్రిజ్జు,
దాని కోసమే కప్పుమీద ఎండని తాగే పలక.
నెలలు నిండకముందే వచ్చి ఉండొచ్చు,
కార్డుమీద ఎర్రచుక్క ఉన్నవాళ్లు.

'ఆవుల్నెవరు చూస్తారు?' అంది అత్తగారు.
'నువ్వే,' అంది మారెత్సెపిలె.
తొమ్మిదేళ్లలో మొదటి ఎదురుమాట అనుకుంటా.

కవలలు మోస్తున్న లిమకత్సోతో
పక్కమంచం మీద పేకాడింది,
దొంగాటే ఎక్కువ.
పొద్దునా రాత్రీ పట్టీ చుట్టించుకుంది.
ఒక అర్ధరాత్రి
కళ్లముందు మిణుగురులు తిరుగుతున్నాయంది.
అవి మిణుగురులు కావని నాకు తెలుసు.
సూది మందుకి ఒళ్లంతా నిప్పంటుకుందని అరిచింది.
బండి నది అవతలే ఉంది, డీజిలుతో.
మిగతాది జిల్లా ఆసుపత్రి కత్తులూ దీపాలూ చూసుకున్నాయి.

కేజీ తొమ్మిదొందలు. ఆడపిల్ల. ఏడ్చింది.

ముసలామె గుర్రం దిగి నేరుగా వచ్చి
గుసగుసగా అంది:
దీన్ని 'కుక్క' అని పిలుద్దాం,
మృత్యువు వింటే పనికిమాలిందనుకుని పోతుంది.
ఇలా ఎందరు బతికారో మా వాళ్లలో!
మారెత్సెపిలె కళ్లు తెరవకుండానే అంది:
'దానికి పేరుంది అత్తా.
తొమ్మిదేళ్లుగా నన్ను పిలుస్తున్నారుగా దాంతో.'

రాత్రికి మంచు పడుతుందంటోంది రేడియో.
ఎనిమిదో మంచం ఖాళీగా ఉంది.
హా-మొఖాలి నించి నిన్ననే రావాలి ఒకామె,
ఎర్రచుక్కలు రెండు.
దుప్పటి పరిచాను, తీశాను, మళ్లీ పరిచాను.
కనుమ వైపు కిటికీలో
టార్చిలైటు పెట్టి కూర్చున్నాను.
బ్యాటరీలు కొత్తవే.