గునపానికి బెజవాడ దాకా

లంకకి వచ్చిన మొదటి రోజే
తలుపు గొళ్ళెం ఊడి చేతికొచ్చింది.
ఒక్క మేకు దిగ్గొట్టడానికి ఇంట్లో ఉన్నవి
పచ్చడి బండ, నా ఓపిక.
రెండూ పగిలేలా ఉన్నాయి.

ఇరవై రెండేళ్ళు గవర్నరుపేట మేడమెట్ల కింద
జాకెట్లు కుట్టినదాన్ని.
నా చేతికి తెలిసిన ఇనుము
కత్తెర, సూది, బాబిన్ను.
అద్దె పెరిగి, చూపు తగ్గి,
అరెకరం జామతోట కౌలుకి పట్టి
కృష్ణ మధ్యలోకి దిగాను.
మట్టికి కొలతలు తీసుకోవడం
ఎవరూ నేర్పలేదు.

మర్నాడు నాంచారయ్య పడవెక్కి
పోను పది, రాను పది,
బెజవాడ వెళ్ళాను.
అద్దాల కొట్లో ఎర్ర పిడి పార, పచ్చ పిడి పార,
లేబులు మీద తెల్లచొక్కా రైతు నవ్వుతున్నాడు,
మట్టి ముట్టనోడి నవ్వు.
పదకొండొందల యాభై అన్నాడు కుర్రాడు,
నా మొహం చూసి మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయాడు.
ఆ డబ్బుకి ఎనిమిది జాకెట్లు, లైనింగు లేకుండా.
నా లెక్క ఇంకా గుడ్డలోనే నడుస్తోంది.

అక్కణ్ణించి ఆటోనగర్.
లారీలు చచ్చిపోయి సామాన్లయ్యే సందులో
జానీ బాషా గోనె మీద పరిచిన గుట్ట.
పళ్ళరిగిన పటకారు, తల ఊగే సుత్తి,
ఏ బండి నట్టుకో తప్ప దేనికీ పట్టని పానాలు.
నేను బట్ట చూసినట్టు వేళ్ళతో నలిపి చూస్తుంటే
"నునుపు కాదమ్మా, బరువు చూడు" అన్నాడు.
వంకాయలు తూచినట్టు తూచాడు.
సుత్తి, పటకారు, సగం విరిగిన ఆకురాయి
అన్నీ కలిపి నూట నలభై,
టీ తాగి వెళ్ళమన్నాడు.
గునపం మాత్రం లేదు.
"గునపం ఎవరూ పారెయ్యరమ్మా.
అది అరిగేలోపు మనిషి అరిగిపోతాడు."

తిరిగొచ్చేసరికి
బ్యారేజీ దీపాలు నీళ్ళలో నిలబడి ఉన్నాయి.
సంచీ బరువుకి పడవ ఓ పక్కకి ఒరిగింది.
"గునపానికి బెజవాడ దాకా ఎందుకు పోయావు?"
తెడ్డు ఆపి అడిగాడు నాంచారయ్య,
"ఏసురత్నం చూరు చూళ్ళేదా?"

చూళ్ళేదు.
తాటాకుల్లో దోపి ఉన్నాయి
మూడు కొడవళ్ళు, ఒక రంపం, రెండు పారలు,
నా భుజం ఎత్తున గునపం.
వరద తీసిన ప్రతిసారీ ఒండ్రు తవ్వితే దొరికినవి,
ఏ లంక నుంచి ఏ లంకకి కొట్టుకొచ్చాయో.
గునపం మీద ఉలితో చెక్కిన రెండక్షరాలు: కో. వెం.
కోటయ్యో, కోనయ్యో.
ఆయన తోట నీళ్ళలో ఉందో, ఆయనే లేడో.

"అద్దె ఎంత?" అన్నాను, పట్నం నోటితో.
ఏసురత్నం తమలపాకు ఈనె తీస్తూ
"పొద్దుగూకేలోపు తుడిచి పెట్టు.
తుప్పు పట్టించినోళ్ళకి మళ్ళీ ఇవ్వను" అంది.
కాసేపాగి, "నీ దగ్గర ఏముంది?" అంది.

ఉంది.
పదంగుళాల కత్తెర.
కట్టుకున్నవాణ్ణి కూడా కాయితం కత్తిరించనివ్వలేదు దాంతో.
మాట్లాడకుండా గునపం భుజాన వేసుకొచ్చేశాను.
పాదు తవ్వితే చేతులు బొబ్బలెక్కాయి,
వేలి చివర పాత సూది మచ్చలు
కొత్త బొబ్బల పక్కన చిన్నబోయాయి.

సుత్తి ఇప్పుడు ఆ చూరులోనే ఉంటోంది.
పటకారు కూడా.
నా గొళ్ళెం బిగిశాక ఆ సుత్తి
నాలుగిళ్ళు తిరిగి, తల గట్టిపడి వచ్చింది,
ఎవరు చీలిక కొట్టారో చెప్పరు.

కత్తెర ఇంకా పెట్టెలోనే ఉంది.
నిన్న తెల్లారుజామున నాంచారయ్య
వల ముడి తెంచడానికి అడగబోయి,
నా మొహం చూసి ఆగి
పళ్ళతో కొరుక్కున్నాడు.

రాత్రంతా ఆ నైలాను దారం
నా పళ్ళ మధ్య.